ఆమ్లోడిపిన్: నిదానంగా పనిచేసే బీపీ మాత్ర

బీపీకి రోజూ వేసుకునే మాత్రల్లో ఆమ్లోడిపిన్‌కు మేం మంచి మార్కులే వేస్తాం. రోజుకు ఒక్కటి చాలు. తిన్నాకా, తినకముందా అన్న పట్టింపు లేదు. కేవలం దీని కోసం పొటాషియం, క్రియాటినిన్ పరీక్షలు మాటిమాటికీ చేయించుకోనక్కర్లేదు. కాకపోతే దీని తీరు తెలియక మొదటి వారంలోనే మానేసేవాళ్లున్నారు, అది చాలా బాధాకరం.

రక్తనాళాల గోడల్లోని కండరంలోకి కాల్షియం చేరకుండా ఇది అడ్డుకుంటుంది. కండరం సడలి నాళం వెడల్పవుతుంది, బీపీ దిగుతుంది. వేసుకున్న 6 నుంచి 12 గంటలకు గానీ మందు రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరదు. అందులో సగం పోవడానికి 30 నుంచి 50 గంటలు పడుతుంది. కాబట్టి పొద్దున వేసుకుని సాయంత్రం మిషన్ పెట్టి చూసి, పనిచేయట్లేదనడం తొందరపాటు. రోజూ వేసుకుంటే ఒంట్లో మందు స్థాయి 7, 8 రోజులకు నిలకడకు వస్తుంది. ఫలితం తేల్చుకోవడానికి రెండు వారాలైనా ఆగాలి. కొలవడానికి సరైన వేళ పొద్దున మాత్ర వేసుకోబోయే ముందు: అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని, నిమిషం తేడాతో రెండుసార్లు.

ఆ నిదానం వల్లే ఒక రోజు మరిచిపోయినా బీపీ ఒక్కసారిగా ఎగబాకదు. 12 గంటలు దాటిపోతే ఆ డోసు వదిలేయండి. మర్నాడు రెండు మాత్రలు మాత్రం వేసుకోవద్దు.

అసలు చిక్కు కాళ్ల వాపు. 5 మిల్లీగ్రాముల దగ్గర నూటికి ముగ్గురిలో కనిపించే వాపు 10 దగ్గర నూటికి పదిమందికి పైగా వస్తుంది. సాయంత్రానికి సాక్సు అంచు చీలమండ మీద గాడిలా దిగబడుతుంది. ధమనుల వైపు చిన్న నాళాలు తెరుచుకుంటాయి, సిరల వైపువి అంతగా తెరుచుకోవు. దాంతో మధ్యలోని కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదిది, కాబట్టి మూత్రం మాత్ర జోడించినా పెద్దగా తగ్గదు. 5తో సరిపోనప్పుడు 10కి పోకుండా, డాక్టర్‌తో మాట్లాడి టెల్మిసార్టాన్ లాంటి మరో రకం బీపీ మందు కలుపుకోవడమే మాకు నచ్చిన పద్ధతి. అది సిరల వైపూ సడలిస్తుంది కాబట్టి వాపూ తగ్గుతుంది. ఒక్క కాలే వాచినా, ఆయాసం తోడైనా అది వేరే సంగతి, వెంటనే చూపించుకోవాలి.

కొలెస్ట్రాల్ తగ్గించే సింవాస్టాటిన్ కూడా వాడేవాళ్లు దాన్ని 20 మిల్లీగ్రాములు దాటనివ్వకూడదు. కాలేయ జబ్బుంటే ఆమ్లోడిపిన్ మొదలు 2.5 మిల్లీగ్రాములతోనే. కొందరికి చిగుళ్లు ఉబ్బుతాయి, పళ్ల డాక్టర్‌కు ఈ మాత్ర పేరు తప్పక చెప్పండి.