వెంకటలక్ష్మా, వేదా?

మా పాపది మృగశిర ఒకటో పాదం, అక్షరం ‘వే’. చివరికి రెండు పేర్లు మిగిలాయి: నాయనమ్మ పేరు వెంకటలక్ష్మి, లేదా వేద.

ముద్దుపేర్లు: వెంకటలక్ష్మిలో బోలెడు. లచ్చి, లక్కీ, వెంకీ. మా అత్తగారిని పుట్టింటివాళ్ళు ఇప్పటికీ ‘లచ్చిమీ’ అని పిలిస్తే ఆవిడ ముఖం వెలిగిపోతుంది. ఆ పిలుపు పోగొట్టుకోవాలని లేదు. వేదకు ‘వేదూ’ ఒక్కటే, అసలు పేరే పొట్టిది కదా.

కాగితాలు: వెంకటలక్ష్మిని ఒకచోట కలిపి, ఒకచోట విడదీసి, ఇంకోచోట ‘వి. లక్ష్మి’ అని రాసేస్తారు. పాస్‌పోర్టు దాకా వచ్చాక టెన్షన్. వేదకు చిక్కు ఒకటే, ఇంగ్లీషులో ‘డి’ పక్కన ‘హెచ్’ ఉండాలా వద్దా. అది మొదటిరోజే తేల్చుకోవాలి.

బడిలో ఏడిపించడం: వెంకీ అంటే అబ్బాయి పేరంటారు. వేదను ‘వేదన’ చేస్తారు. రెండూ తప్పవు.

తొందర: జననం 21 రోజుల్లో నమోదు చేయించాలి కానీ, అప్పటికే పేరు ఉండాలని లేదు. ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. తర్వాతైతే ఆలస్య రుసుము కట్టాలి. పెట్టిన పేరు మార్చడం మాత్రం పెద్ద తిప్పలట, కాబట్టి నిదానంగా ఆలోచించండి.

పాప నాయనమ్మ ఒళ్ళో, ఊళ్ళోనే పెరిగేదైతే వెంకటలక్ష్మి పెట్టండి. కాగితాల్లో అంతటా ఒకేలా రాయించే ఓపిక ఉండాలి. తెలుగు నోరు తిరగనిచోట పెరిగేదైతే వేద. మేం ఆ రెండో రకం. సర్టిఫికెట్‌లో వేద అని రాయించి, బారసాలనాడు పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో వెంకటలక్ష్మి అని రాశాం.