వాల్-ఈ చూపించాలా, మిచెల్స్ చూపించాలా?

నల్గొండ పక్క ఊరి బడిలో తొమ్మిదో తరగతికి మనుషులూ యంత్రాల మీద ఒక్క సినిమానే చూపించే వీలుంటే నా ఓటు 2008లో వచ్చిన రోబో యానిమేషన్ సినిమా ‘వాల్-ఈ’కే. మొదటి అరగంట మాటలు దాదాపు ఉండవు, ఇంగ్లిష్ రాదన్న టెన్షన్ లేదు. అందులో అంతరిక్ష ఓడలో బతికే మనుషులు కుర్చీ దిగరు, కళ్ల ముందు తెర తియ్యరు. అక్కడ ఈతకొలను ఉందన్న సంగతి ఒకామెకు తెర ఆగిపోయాకే తెలుస్తుంది! అక్కడ ఆపి, ‘మీ ఇంట్లో ఇట్లా ఎవరున్నరు?’ అని అడగండి. చాలామంది నాయిన పేరే చెప్తారు.

2021 నాటి ‘ది మిచెల్స్ వర్సెస్ ది మెషీన్స్’లో నవ్వులెక్కువ. కొత్తది రాగానే తనను పక్కన పడేశారని ఫోన్‌లో మాట్లాడే అసిస్టెంట్ ప్రోగ్రామ్ మనుషుల మీద పగబడుతుంది. డైలాగులే మరీ గడగడా పోతాయి. ఇంటర్ అయ్యాక హైదరాబాద్ హాస్టల్‌కు పోయే అమ్మాయికైతే ఇదే నయం. కంప్యూటర్ అంటే పడని తండ్రికీ, సినిమా చదువుకు వెళ్లే కూతురికీ మధ్య గొడవ ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.