జిప్ డ్రైవ్ 100: ఇన్నేళ్ళు వాడాక చెప్తున్నా

పాత డిస్కులన్నీ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించే పని పోయిన నెల్లో ముగించా. మొత్తం ముప్పై నాలుగు జిప్ డిస్కులు, అన్నీ 100 ఎంబీవే. ముప్పై రెండు కిక్కురుమనకుండా చదివేశాయి, ఒకటి కొన్ని ఫైళ్ళ దగ్గర మొరాయించింది, ఇంకోటి ఎవరో మ్యాక్‌లో ఫార్మాట్ చేసిందని తర్వాత అర్థమైంది, అందులో డ్రైవ్ తప్పేం లేదు. ఇరవై ఏళ్ళు దాటిన అయస్కాంతపు డిస్కులు ఇలా చదువుతాయని నేనైతే అనుకోలా. ఆ ఉత్సాహంలోనే ఇది రాస్తున్నా.

ఇప్పటి పిల్లలకి తెలీకపోవచ్చు కాబట్టి రెండు ముక్కలు. 1995 ప్రాంతంలో ఐయోమెగా వాళ్ళు తెచ్చిన నీలం రంగు పెట్టె ఇది, అరచేతి కంటే కాస్త పెద్దది, ఇందులో పట్టే డిస్కు చూడ్డానికి ఫ్లాపీలాగే ఉంటుంది కానీ మందంగా, గట్టిగా ఉంటుంది. ఫ్లాపీలో 1.44 ఎంబీ, దీంట్లో వంద. విండోస్‌లో చూస్తే 95.7 అనే చూపిస్తుంది, ఎంబీ లెక్క కట్టడంలో ఉన్న తేడా అది, ఎవరూ కొట్టేసింది కాదు. నేనప్పుడు పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో అచ్చుకి పేజీలు చేసేవాణ్ణి, ఫొటోలతో కలిపి ఒక్కో పని ముప్పై నలభై ఎంబీ అయ్యేది, దాన్ని ముక్కలు చేసి ఇరవై మూడు ఫ్లాపీల్లోకి ఎక్కించి ప్రెస్సుకి తీసుకెళ్తే పదిహేడోది చదవదు, మళ్ళీ వెనక్కి రావాలి, ఇంక చెప్పేదేముంది. జిప్ డిస్కు ఒక్కటి జేబులో వేసుకుని వెళ్ళిన మొదటి రోజు నిజంగా పండగలా ఉంది.

నా మొదటిది ప్యారలల్ పోర్టుది, అంటే అప్పట్లో ప్రింటర్ తగిలించే సాకెట్‌కి పెట్టేది. ప్రింటర్ కేబుల్ పీకి దీన్ని పెట్టి, దీని వెనకాల ప్రింటర్‌ని తగిలించాలి. మెల్లగా నడిచేది, డిస్కు మొత్తం నింపాలంటే ఐదు నిమిషాల పైమాటే. అదే పెట్టె స్కజీ (SCSI) అనే వేరే రకం కనెక్షన్‌తో కూడా వచ్చేది, అది చాలా చురుకు, కానీ తమాషా ఏంటంటే రెండిటికీ వెనక కనెక్టర్ చూడ్డానికి ఒకటే, ఇరవై అయిదు పిన్నులది, కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో దొరికిందని సంబరపడేముందు అది ఏ రకమో సరిగ్గా చూసుకోండి, ఒకదాని కేబుల్ ఇంకోదానికి పెట్టకూడదు.

ఆ మొదటి డ్రైవ్‌ని చంపింది నేనే. దీనికి కావాల్సింది 5 వోల్టుల అడాప్టర్. ఓ రాత్రి హడావుడిలో టేబుల్ కింద చెయ్యి పెట్టి తడుముకుని పక్కనున్న వేరే దాని 12 వోల్టుల అడాప్టర్ లాగేశా, పిన్ను సరిగ్గా దిగట్లేదు కూడా, దిగకపోతే ఆగాలి కదా, నేను నొక్కి పెట్టా. పచ్చ లైటు ఒక్కసారి వెలిగింది, తర్వాత ఎప్పుడూ వెలగలేదు. డిస్కు లోపలే ఉండిపోయింది. అదృష్టం కొద్దీ వెనకాల చిన్న కన్నం ఉంటుంది, పేపర్ క్లిప్ నిటారుగా చేసి అందులో గుచ్చితే డిస్కు బయటికొస్తుంది. దీని బటన్‌కి కరెంటు ఉంటేనే పని, అందుకని కరెంటు పోయినా ఆ కన్నమే దిక్కు. ఆ రోజు నుంచి ఒక క్లిప్పు డ్రైవ్ కేబుల్‌కి కట్టే ఉంచా, అడాప్టర్ మీద తెల్ల టేపు వేసి "జిప్ 5వి" అని రాసి పెట్టా.

తర్వాత కొన్నది యూఎస్‌బీది, ఇప్పటికీ అదే నడుస్తోంది. యూఎస్‌బీ 1.1 కాలం నాటిది కాబట్టి సెకనుకి ఒక ఎంబీ కూడా లాగదు, కానీ ప్యారలల్‌తో పోలిస్తే ఏ ఇబ్బందీ లేదు, కొత్త కంప్యూటర్‌కి తగిలించినా డ్రైవర్ ఏమీ అడక్కుండా డ్రైవ్ లెటర్ వచ్చేస్తుంది. లినక్స్‌లో మాత్రం నన్ను ఓ సాయంత్రమంతా ఏడిపించింది. డిస్కు కనిపిస్తోంది, ఎస్‌డీబీ1 (డిస్కులో మొదటి భాగానికి లినక్స్ పెట్టే పేరు) అని మౌంట్ కొడితే, అంటే తెరవబోతే, లేదంటుంది. తీరా చూస్తే ఫ్యాక్టరీలో ఫార్మాట్ అయ్యి వచ్చిన జిప్ డిస్కుల్లో పార్టిషన్, అంటే ఫైళ్ళుండే భాగం, మొదటి స్థానంలో ఉండదు, నాలుగోదాంట్లో ఉంటుంది. ఎస్‌డీబీ4 అని కొట్టగానే ఫైళ్ళన్నీ వచ్చాయి. ఇది తెలీక ఖాళీ డిస్కేమో అని ఫార్మాట్ చేసేద్దామనుకున్నా, చేస్తే కొంప మునిగేదే.

ఇక అందరూ అడిగేది జిప్ డ్రైవ్ పాడైతే వచ్చే టిక్కు టిక్కు చప్పుడు గురించి. క్లిక్ ఆఫ్ డెత్ అని పేరు పడిపోయింది దానికి. డిస్కుని చదివే భాగం, హెడ్ అంటారు, డిస్కు మీద గుర్తు దొరక్క వెనక్కి వచ్చి మళ్ళీ లోపలికి వెళ్తూ ఉంటుంది, ఆ రాకపోకల చప్పుడే అది. హెడ్ దెబ్బ తింటే డిస్కు అంచు చిరుగుతుంది, ఆ చిరిగిన డిస్కుని ఇంకో డ్రైవ్‌లో పెడితే ఆ డ్రైవ్ హెడ్ కూడా పోతుంది, అంటువ్యాధి అన్నమాట. నా రెండు డ్రైవ్‌లకీ రాలేదు. అంటే నేనేదో గొప్పగా చూసుకున్నానని కాదు, ఊరివాళ్ళ డిస్కులు పెట్టనివ్వలేదు అంతే. ఓసారి ఒక స్నేహితుడు డిస్కు తెచ్చి "మా దాంట్లో చదవట్లేదు, నీ దాంట్లో ఒక్కసారి పెట్టి చూడరా" అన్నాడు. నేను ముందు దాని ఇనప రేకు పక్కకి జరిపి లైటు కింద తిప్పి చూశా, అంచు దగ్గర గోటితో గీరినట్టు చిన్న నొక్కు. పెట్టనన్నా. "డిస్కు పెట్టడానికి కూడా ఇంత బెట్టేంట్రా" అని వాడు నాలుగు రోజులు మాట్లాడలేదు, మాట్లాడకపోతే మానె.

నచ్చనివి లేవా అంటే ఉన్నాయి. ఫ్లాపీలా మూల మీద జరిపే రైట్ ప్రొటెక్ట్ మీట (డిస్కు మీద ఏదీ రాయకుండా ఆపేది) దీనికి లేదు, లాక్ చెయ్యాలంటే సాఫ్ట్‌వేర్‌తోనే చెయ్యాలి. పాత ఫ్లాపీలు ఇందులో పట్టవు, అదే కాలంలో వచ్చిన ఎల్ఎస్-120 సూపర్ డిస్క్ డ్రైవ్ అయితే తన డిస్కులూ ఫ్లాపీలూ రెండూ చదివేది. కాసేపు ముట్టుకోకపోతే మోటార్ నిద్రపోతుంది, ఫైలు తెరవగానే మూలిగి లేచి తిరగడం మొదలెట్టేదాకా మౌస్ పట్టుకుని కూర్చోవాలి. సీడీ రైటర్లు వచ్చి 650 ఎంబీ కారుచౌకగా దొరికాక నేనూ దీన్ని పక్కన పెట్టేశా, దాచుకోలేను. అయితే నేను అప్పట్లో రాసిన సీడీల్లో చదవనివి చాలా ఉన్నాయి, ఈ డిస్కులు మాత్రం చదివాయి, ఏం చెప్తాం.

ఇప్పుడు ఎవరి దగ్గరైనా జిప్ డిస్కులు మూలుగుతుంటే యూఎస్‌బీ డ్రైవే వెతుక్కోండి. ప్యారలల్‌ది తెచ్చి ప్రింటర్ల కోసం అమ్మే యూఎస్‌బీ కన్వర్టర్ పెడితే పని చెయ్యదు, నేను ప్రయత్నించి చూశా, అది ప్రింటర్‌తో తప్ప ఇంకేదాంతోనూ మాట్లాడదు. తర్వాత వచ్చిన 250 ఎంబీ జిప్ డ్రైవ్ దొరికినా వంద ఎంబీ డిస్కులు చదువుతుంది, రాస్తుంది, కాకపోతే రాయడం బాగా నిదానం. 750ది చదువుతుంది కానీ వంద వాటి మీద రాయదు, కాపీ తీసుకోవడానికే అయితే అదీ ఫర్వాలేదు. పాత డ్రైవ్ రాగానే ముఖ్యమైన డిస్కు మాత్రం పెట్టకండి, పోయినా ఏడవని డిస్కు ఒకటి పెట్టి పది నిమిషాలు చప్పుడు వినండి. తర్వాత ఫైళ్ళు ఒక్కొక్కటీ లాగకుండా డిస్కు మొత్తం ఇమేజ్ (డిస్కంతా ఒకే ఫైలుగా చేసిన నకలు) తీసుకోండి, నా మొరాయించిన డిస్కులో పాడైన డిస్కుల్ని కాపీ చేసే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో రెండు ఫైళ్ళు తప్ప అన్నీ వచ్చాయి, ఆ రెండూ ఎలాగూ పాత బిల్లుల ఫార్మాట్లే.

ఆ మ్యాక్ డిస్కు ఒకటే మిగిలింది. పాత మ్యాక్‌ల ఫార్మాట్ హెచ్ఎఫ్ఎస్‌ని లినక్స్ చదువుతుంది కాబట్టి రావాలి. దాని మీద నా చేతిరాతతో "ఫైనల్, చెరపొద్దు" అని ఉంది, ఏం ఫైనలో గుర్తు లేదు, ఈ ఆదివారం చూడాలి.