సుబాబులా, టేకా: కర్బనం లెక్కలో ఏది మేలు?

కలప పరిశ్రమను పెంచి కర్బన ఉద్గారాలను తగ్గించుకోవాలన్న మాట వచ్చినప్పుడల్లా మన దగ్గర చర్చ ఏ చెట్టు త్వరగా ఎదుగుతుందన్న చోటే ఆగిపోతోంది. నా మటుకు నాకు, అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: నరికిన తరువాత ఆ కర్ర ఏమవుతుంది? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రైతుల ముందు ఈనాడు ప్రధానంగా రెండు దారులున్నాయి. సుబాబుల్, జామాయిల్, సరుగుడు వేసి కాగితపు మిల్లులకు అమ్ముకోవడం ఒకటి. గుమ్మాలకూ తలుపులకూ సామానుకూ పనికివచ్చే టేకును పెంచడం మరొకటి.

మొదటి దారిని తక్కువ చేసి మాట్లాడడం న్యాయం కాదు. ఒకప్పుడు కాగితపు మిల్లులు అడవి వెదురు మీదనే ఎక్కువగా ఆధారపడేవి. పరిశ్రమలు తమ ముడిసరుకును సహజమైన అడవుల నుంచి కాక, రైతులతో నేరుగా సంబంధం పెట్టుకొని సమకూర్చుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. భద్రాచలం దగ్గర సారపాక మిల్లు క్లోనల్ (మేలైన చెట్టు కొమ్మల నుంచి పెంచిన) జామాయిల్ మొక్కలను రైతుల పొలాలకు చేర్చింది. గోదావరి తీరపు ఇసుక నేలల సరుగుడు రాజమహేంద్రవరం మిల్లుకు పోతోంది. కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్టల్లో సుబాబుల్ విస్తరించింది. నాలుగేళ్లు తిరిగేసరికి చేతికి డబ్బు వస్తుంది, నరికిన మోళ్లు మళ్లీ చిగురిస్తాయి, పైగా సుబాబుల్ పప్పుజాతి చెట్టు గనుక నేలకు నత్రజనిని కూడా ఇస్తుంది. రెండెకరాల రైతుకు ఇంతకంటే ధీమా ఇచ్చే చెట్టు పంట మరొకటి లేదు.

అయితే కొనేవారు ఒకరిద్దరే అయిన చోట ఆ ధీమా నిలవదు. కర్రను టన్నుల లెక్కన కొంటారు. తొక్కతో ఉన్నదానికి ఒక ధర, తొక్క తీసినదానికి ఒక ధర. నరికిన పచ్చికర్ర మిల్లు బయట వరుసలో ఎండుతున్న కొద్దీ రోజురోజుకూ బరువు తగ్గుతుంది, ఆ తగ్గిన బరువంతా రైతు నష్టమే. మా వైపు ఒక పెద్దాయన తన లోడు పక్కనే రెండు రాత్రులు పడుకొని, చివరికి మిల్లువారు అడిగిన ధరకే ఇచ్చి రావడం నేను చూశాను.

ఇక కర్బనం మాట. ఎండిన కలప బరువులో సుమారు సగం కర్బనమే. అంటే ఒక టన్ను ఎండు కలప దాదాపు 1.8 టన్నుల బొగ్గుపులుసు వాయువును గాలి నుంచి తీసి దాచుకున్నట్లు లెక్క. ఆ దాపరికం ఎంతకాలం నిలుస్తుందన్నదే అసలు విషయం. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘమైన ఐపీసీసీ మార్గదర్శకాల్లో ఇందుకు అర్ధాయువులున్నాయి, అంటే దాచిన కర్బనంలో సగం తిరిగి గాలిలో కలవడానికి పట్టే కాలాలు: కాగితానికి 2 ఏళ్లు, కర్ర పొట్టును, నారను అదిమి చేసే బోర్డుల వంటివాటికి 25 ఏళ్లు, కోత కలపకు 35 ఏళ్లు. ఈ లెక్కన కాగితంలో చేరిన 100 టన్నుల కర్బనంలో పదేళ్లకు మిగిలేది 3 టన్నులు. బోర్డుల్లో 76, కోత కలపలో 82 టన్నులు. ఒకే నేల, ఒకే వాన, ఒకే చెమట, ఫలితంలో మాత్రం ఇంత తేడా. టేకు గుమ్మం పెట్టిన చోట సిమెంటు గుమ్మమో అల్యూమినియం చట్రమో అక్కర లేకుండా పోతుంది గనుక, వాటి తయారీలో కాలే ఇంధనం కూడా ఆ మేరకు మిగులుతుంది.

మా అమ్మమ్మగారి మండువా ఇల్లు విప్పినప్పుడు దూలాలను కోత మిల్లుకు వేసుకెళ్లాం. పైన పొగచూరి నల్లబడిన దూలం రంపం కింద తెరుచుకునేసరికి లోపల బంగారు వన్నె చేవ, అప్పుడే నరికినట్టు టేకు వాసన. ఆ చెక్కే ఇప్పుడు మా ఇంటి గుమ్మాలుగా నిలిచి ఉంది. అందులోని కర్బనం ఏ తరంలో గాలిలో తిరిగిందో ఊహించుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కాని చేవ పట్టడానికి టేకుకు కాలం కావాలి. అడవి శాఖలు దాన్ని 50, 60 ఏళ్లు పెంచేది అందుకే. పదిహేనేళ్లకే నరికిన టేకులో తెల్లచెక్క భాగం ఎక్కువ, దానికి పురుగు తొందరగా పడుతుంది. 1990లలో టేకు మొక్కల పేరుతో డబ్బు వసూలు చేసిన ప్లాంటేషన్ కంపెనీలు ఈ నిజాన్ని దాచి ఎందరో మధ్యతరగతి వారిని ముంచాయి. పైగా సొంత పొలంలో పెంచిన టేకైనా సరే నరకడానికి అనుమతి, తరలించడానికి పర్మిట్టు కావాలి. పొలాల్లో పెరిగే వెదురును 2017లో భారత అటవీ చట్టంలోని చెట్ల జాబితా నుంచి తీసివేసి ఆ బెడదను తప్పించారు. టేకు రైతుకు ఆ వెసులుబాటు రాలేదు.

కనుక కర్బనం ఒక్కటే కొలబద్ద అయితే టేకుదే పైచేయి, రైతు బతుకుతెరువు కొలబద్ద అయితే సుబాబుల్‌దే. రెండూ కలిసే దారి మాత్రం ఉంది, నా ఓటు దానికే. పొలం మధ్యలో జామాయిల్, సుబాబుల్ వేసుకొని, ఆ కర్రను కాగితానికే కాక శ్రీకాళహస్తి దగ్గర ఉన్నటువంటి బోర్డు ఫ్యాక్టరీలకు కూడా అమ్మగలిగితే, 2 ఏళ్ల అర్ధాయువు 25 ఏళ్లవుతుంది, కొనేవారి మధ్య పోటీ కూడా పెరుగుతుంది. ప్లైవుడ్డుకు పనికివచ్చే మలబారు వేప కూడా ఈ వరుసలోనిదే. టేకును మాత్రం గట్ల మీద నాటాలి. పంటకు పెట్టిన నీరే దానికీ అందుతుంది, ఏటా వచ్చే రాబడి పొలం నుంచి వస్తుంది గనుక లేత చెట్టును తెగనమ్ముకోవలసిన అవసరం పడదు. ప్రభుత్వాలు చేయవలసింది ఉచిత మొక్కల పంపిణీ కంటే ముందు మరొకటుంది: నాటిన ఏడాదే గట్టు టేకును రైతు పేర పుస్తకంలో నమోదు చేసి, ముప్పై ఏళ్ల తరువాత అతని కొడుకో కూతురో ఆ కాగితం చూపించి నరుక్కోగలిగేలా చేయడం.