ఏడాది డబ్బులు ముందే కట్టేయకండి, నెట్ కనెక్షన్ వాళ్ళతో జాగ్రత్త

కొత్తగా ఇంటికి ఫైబర్ నెట్ పెట్టించుకునేవాళ్ళు, ముఖ్యంగా ఏడాదికి ఒకేసారి కడితే రెండు నెలలు ఫ్రీ అనే ఆఫర్ చూసి టెంప్ట్ అవుతున్నవాళ్ళు, కట్టే ముందు ఇది చదవండి. కంపెనీ పేరు రాయట్లేదు, పేరు ఏదైతేనేం వేషాలు అన్నిచోట్లా ఒకటే.

మేం తీసుకుంది 300 ఎంబీపీఎస్ ప్లాన్. వచ్చేది 94, మహా అయితే 95. కాల్ చేస్తే రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్ అంటారు, చేశామయ్యా అంటే మళ్ళీ చేయండి సార్ అంటారు. టెక్నీషియన్ వచ్చి ఫోన్‌లో టెస్ట్ చేసి "వైఫైలో అంతే వస్తది సార్, మీ గోడలు మందం" అని తేల్చేశాడు. సరే అని లాప్‌టాప్‌కి డైరెక్ట్‌గా కేబుల్ పెట్టి చూస్తే అప్పుడూ అదే 94. గోడలు మధ్యలో ఎక్కడున్నాయి మరి?

అసలు విషయం ఏంటంటే వాళ్ళు ఇచ్చిన రౌటర్ వెనకాల పోర్టులన్నీ 10/100 వి, అంటే ఆ పోర్టులోంచి 100 ఎంబీపీఎస్ మించి వెళ్ళనే వెళ్ళదు, లెక్కల్లో పోయేవి పోగా మిగిలేది ఆ 94, 95 యే. 300 కి డబ్బులు తీసుకుని 100 దాటని డబ్బా ఇంట్లో పెట్టి వెళ్ళారన్నమాట. స్పీడ్ ఎప్పుడు చూసినా 94 దగ్గరే కదలకుండా ఆగిపోతుంటే డౌట్ పడండి, పోర్టు గిగాబిట్‌దేనా (అంటే 1000 ఎంబీపీఎస్ దాకా వెళ్ళేదేనా) చూడండి, కేబుల్ కూడా చూడండి, లోపల ఎనిమిది తీగలు ఉండాల్సిన చోట నాలుగే కలిపినా ఇదే కథ. (డౌన్‌లోడ్‌లో ఎంబీల్లో కనపడే నంబర్ వేరే, ఎంబీపీఎస్ బిట్లలో లెక్క, అది బైట్లలో, ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 300 ని 8 తో భాగించాలి, 37 చిల్లర వస్తుంది. దాని గురించి మాత్రం వాళ్ళని తిట్టకండి.)

ఇది చాలదన్నట్టు రోజూ సాయంత్రానికి లైన్ పోవడం మొదలైంది. బాక్స్ మీద ఎల్‌ఓఎస్ అని ఉండే లైటు ఎర్రగా కొట్టుకుంటే ఫైబర్‌లోంచి సిగ్నల్ రావట్లేదని అర్థం, దానికి రౌటర్‌ని వందసార్లు రీస్టార్ట్ చేసినా ఉపయోగం ఉండదు. చివరికి వేరే కుర్రాడు వచ్చి సిగ్నల్ బలం కొలిచే మీటర్ పెట్టి చూస్తే (డీబీఎం అనే కొలతలో) మైనస్ 29 చూపించింది, మైనస్ పక్కన నంబర్ పెరిగేకొద్దీ సిగ్నల్ అంత బలహీనం అన్నమాట. ఇళ్ళకిచ్చే ఈ బాక్సులు మామూలుగా మైనస్ 27 దాకానే నమ్మకంగా పనిచేస్తాయి. కారణం చూస్తే తలుపు మూల దగ్గర ఫైబర్‌ని మడిచి క్లిప్పు కొట్టి ఉంది, కొట్టింది కూడా ఇన్‌స్టాలేషన్‌కి వచ్చిన వాళ్ళ మనిషే. ఫైబర్ గట్టిగా వంగితే లోపలి వెలుతురు బయటికి లీక్ అయిపోతుంది, ఆ పని చేసేవాళ్ళకి ఇది తెలియదా?

అన్నిటికంటే ఒళ్ళు మండేది టికెట్ (అంటే మనం పెట్టే కంప్లైంట్) నాటకం. ఎర్ర లైటు అలా కొట్టుకుంటూనే ఉంటుంది, ఫోన్‌కి మాత్రం మీ సమస్య పరిష్కరించబడింది అని మెసేజ్ వచ్చేస్తుంది. ఎవడూ రాలేదు, ఎవడూ కాల్ చేయలేదు. పాతది మళ్ళీ ఓపెన్ చేయడం కుదరదంట, కొత్త టికెట్ పెట్టాలంట, పెడితే రిపేర్ చేయాల్సిన గడువు మళ్ళీ సున్నా నుంచి లెక్క. ఇలా అయితే వాళ్ళ రికార్డులో లేట్ అన్నదే ఉండదు, మనకి డబ్బులు తగ్గించాల్సిన అవసరమూ రాదు, నాకైతే కావాలనే చేస్తున్నారనిపిస్తుంది. అందుకే ప్రతి టికెట్ నంబరు, ఎర్ర లైటు ఫొటో, ఆ క్లోజ్ మెసేజ్ స్క్రీన్‌షాట్ దాచుకోండి. టికెట్ క్లోజ్ చేయడానికి మన ఫోన్‌కి వచ్చే కోడ్ టెక్నీషియన్ అడిగితే నెట్ పనిచేస్తోందని మీరు చూసుకున్నాకే చెప్పండి, "చెప్పండి సార్, నేను మళ్ళీ వచ్చి చేస్తా" అని బతిమాలతారు, కరిగిపోవద్దు.

ఇక కనెక్షన్ తీసేయమంటే అప్పుడు చూడాలి మర్యాదలు. ఇన్నాళ్ళూ దొరకని మేనేజర్ వెంటనే లైన్‌లోకి వస్తాడు, స్పీడ్ పెంచుతాం అంటాడు (ఏ పోర్టులోంచో మరి). ఏడాది కట్టినవాళ్ళకి మిగిలిన డబ్బులు వెనక్కి రావాలంటే ఫ్రీ అన్న ఇన్‌స్టాలేషన్‌కి చార్జీ, ఆఫర్ నెలలకి చార్జీ, అన్నీ అప్పుడు బయటికొస్తాయి. కట్టే ముందే రిఫండ్ ఎలా లెక్కేస్తారో మెయిల్‌లో రాయించుకోండి, నోటిమాట పనికిరాదు. ఆటో పే ఉంటే బ్యాంకు వైపు నుంచి కూడా ఆపేయండి.

మా రిఫండ్ ఇంకా ప్రాసెస్‌లో ఉందంట. రౌటర్ తీసుకెళ్ళడానికి మాత్రం మనిషి వచ్చేశాడు, సీరియల్ నంబరు వేసి రసీదు రాసిస్తేనే ఇస్తా అన్నాను, బుక్కు తెస్తానని వెళ్ళాడు, ఇంకా రాలేదు.