కమ్యూనిటీ కాలేజీ మీదుగా యూసీ ఇంజినీరింగ్, లేక వచ్చిన సీటులో నేరుగా చేరడం: ఏది మేలు?

యూసీ, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లలో బర్కిలీ రాలేదు, యూసీఎల్‌ఏ రాలేదు. మెర్సెడ్‌లోనో రివర్‌సైడ్‌లోనో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. దాంట్లో చేరాలా, డి ఆంజా లాంటి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి మళ్లీ పెద్ద క్యాంపస్‌కు ప్రయత్నించాలా? కాలిఫోర్నియాలోని తెలుగు ఇళ్లలో ఏటా వసంతకాలంలో వచ్చే ప్రశ్న ఇది. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. సివిల్, మెకానికల్ లాంటి బ్రాంచీలు కావాలనుకుని, లెక్కల్లో గట్టిగా ఉన్న పిల్లలకు కమ్యూనిటీ కాలేజీ నిజంగా మంచి దారి. బర్కిలీలోనో యూసీఎల్‌ఏలోనో కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకేదీ వద్దనుకునేవాళ్లు మాత్రం దానికోసం చేతిలో ఉన్న సీటు వదులుకోవద్దు.

మన దగ్గర పాలిటెక్నిక్ చేసి, ఈసెట్ రాసి, బీటెక్ రెండో ఏడాదిలో చేరడం తెలిసినవాళ్లకు ఈ పద్ధతి త్వరగా అర్థమవుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ ఎంట్రన్స్ పరీక్ష లేదు, ర్యాంకు లేదు. చేరేది మూడో ఏడాదిలో, దీన్నే ట్రాన్స్‌ఫర్ అంటారు. చూసేది కాలేజీ మార్కులు, ముందే చదవాల్సిన కోర్సులు, వ్యాసాలు. యూసీ శాట్ స్కోరు అడగదు.

ఆశ పెట్టే అంకె ఒకటుంది. మొదటి ఏడాది ప్రవేశాల్లో యూసీఎల్‌ఏ సుమారు 9 శాతం మందిని, బర్కిలీ సుమారు 11 శాతం మందిని తీసుకుంటాయి. ట్రాన్స్‌ఫర్ దరఖాస్తుల్లో రెండు చోట్లా దాదాపు నాలుగో వంతు మందికి సీటు వస్తుంది. పైగా ట్రాన్స్‌ఫర్లలో యూసీ మొదటి ప్రాధాన్యం కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలకే ఇస్తుంది. అయితే ఆ నాలుగో వంతు అన్ని సబ్జెక్టులూ కలిపిన లెక్క. చరిత్ర, సోషియాలజీ చదివేవాళ్లూ అందులో ఉన్నారు. కంప్యూటర్ సైన్స్, బర్కిలీ ఈఈసీఎస్ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్ కలిపిన డిగ్రీ) విడిగా చూస్తే పది శాతంలోపే. ఏ క్యాంపస్‌లో ఏ మేజర్‌కు (ప్రధాన సబ్జెక్టుకు) ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమందిని తీసుకున్నారు, వాళ్ల జీపీఏ (నాలుగుకు లెక్కించే గ్రేడ్ల సగటు) ఏ మధ్యలో ఉందన్న పట్టిక యూసీ సమాచార కేంద్రం వెబ్‌సైట్‌లో ఏటా పెడతారు. నిర్ణయం తీసుకునే ముందు చూడాల్సింది ఆ పట్టికలో మీ మేజర్ వరుసను. క్యాంపస్ మొత్తం సగటును నమ్ముకుంటే మోసపోతారు.

యూసీ ట్రాన్స్‌ఫర్‌కు కనీస జీపీఏ కాలిఫోర్నియా నివాసులకు 2.4, బయటివాళ్లకు 2.8. ఇంజినీరింగ్‌లో ఈ అంకెలు కాగితం మీదివే. పోటీ ఉన్న మేజర్లలో సీటు వచ్చేవాళ్ల జీపీఏ 4.0కు దగ్గర్లో ఉంటుంది.

రెండు దారుల్లో అసలు తేడా తెలిసేది కోర్సుల వరుసలో. ఇంజినీరింగ్ ట్రాన్స్‌ఫర్‌కు క్యాలిక్యులస్ మొత్తం, లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, క్యాలిక్యులస్‌తో కూడిన ఫిజిక్స్, చాలా బ్రాంచీలకు కెమిస్ట్రీ, ఒక ప్రోగ్రామింగ్ కోర్సు, రెండు ఇంగ్లిష్ కోర్సులు కావాలి. ఇవి ఒకదాని తర్వాత ఒకటే నడుస్తాయి. ఫిజిక్స్ మొదలుపెట్టాలంటే మొదటి క్యాలిక్యులస్ అయినా అయి ఉండాలి, పక్కన నడుస్తూ అయినా ఉండాలి. మొదటి సెమిస్టర్‌లోనే క్యాలిక్యులస్‌తో మొదలుపెడితే నాలుగు సెమిస్టర్లు సరిగ్గా సరిపోతాయి. ప్రీక్యాలిక్యులస్‌తో మొదలైతే రెండేళ్లు చాలవు, మూడేళ్లని లెక్క వేసుకోండి. హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి కోర్సు) క్యాలిక్యులస్ బీసీలో మంచి స్కోరు తెచ్చుకున్నవాళ్లకు ఇక్కడ ఒక సెమిస్టర్ ఊపిరి దొరుకుతుంది.

చాలామంది మరిచిపోయే విషయం దరఖాస్తు సమయం. యూసీ దరఖాస్తు రెండో ఏడాది అక్టోబర్, నవంబర్ నెలల్లోనే వెళ్లిపోతుంది. అప్పటికి చేతిలో ఉన్నవి మొదటి ఏడాది మార్కులు, వేసవి కోర్సులు అంతే. రెండో ఏడాది మొదటి సగం మార్కులను జనవరిలో అప్‌డేట్ ఫారంలో చేరుస్తారు. అంటే మొదటి ఏడాదే సీటును దాదాపు తేల్చేస్తుంది. హైస్కూల్ నుంచి వచ్చిన అలసటతో మొదటి సెమిస్టర్ తేలిగ్గా తీసుకుంటే తర్వాత ఎంత కష్టపడినా ఆ లోటు పూడ్చడం కష్టం. సి గ్రేడు వచ్చిన కోర్సును మార్కులు పెంచుకోవడానికి మళ్లీ చదవనివ్వరు. డి, అంతకన్నా తక్కువ అయితేనే ఆ వీలు. కాబట్టి మూడో వారానికే కోర్సు చేయిదాటుతోందనిపిస్తే గడువులోగా డ్రాప్ చేయడం సి తెచ్చుకోవడం కన్నా నయం.

కోర్సులు ఎంచుకునేటప్పుడు అసిస్ట్ డాట్ ఆర్గ్ ఒక్కటే ప్రమాణం. మీ కాలేజీ పేరు, వెళ్లాలనుకునే క్యాంపస్, మేజర్ ఇస్తే ఏ కోర్సుకు ఏది సమానమో చెప్తుంది. స్నేహితుడి పట్టిక పనికిరాదు. ఒకే కాలేజీ కోర్సు యూసీఎల్‌ఏకు సరిపోయి బర్కిలీకి సరిపోకపోవచ్చు. బర్కిలీ సీఎస్ 61 వరుసకు (మొదటి కంప్యూటర్ సైన్స్ కోర్సులకు) సమానమైన కోర్సులు అన్ని కమ్యూనిటీ కాలేజీల్లోనూ లేవు. సర్క్యూట్స్, స్టాటిక్స్ లాంటివి చిన్న కాలేజీల్లో ఏడాదికి ఒక్కసారే పెడతారు, చేరేవాళ్లు తక్కువైతే రద్దు కూడా చేస్తారు. అలాంటప్పుడు పక్క కాలేజీలో చదవొచ్చు, కానీ క్యాలిక్యులస్ వరుసను మధ్యలో విరవకండి. డి ఆంజాది క్వార్టర్ పద్ధతి (ఏడాదికి రెండు సెమిస్టర్ల బదులు మూడు చిన్న టర్ములు), అక్కడ క్యాలిక్యులస్ నాలుగు ముక్కలు. సెమిస్టర్ కాలేజీల్లో ఎక్కువగా మూడు. సగం అక్కడ, సగం ఇక్కడ చదివితే ఒక అధ్యాయం రెండుసార్లు వచ్చి మరొకటి అసలే రాకపోవచ్చు, సమానమైన కోర్సుగా గుర్తింపు కూడా దక్కకపోవచ్చు. ఇంకో పొరపాటు, జనరల్ ఎడ్యుకేషన్ (మేజర్‌కు బయటి సాధారణ) కోర్సులన్నీ ముందే పూర్తిచేయడం. ఇంజినీరింగ్‌కు మేజర్ కోర్సులే ముఖ్యం.

ఇక హామీ సంగతి. ట్యాగ్ అనే ప్రవేశ హామీ ఇచ్చేవి ఆరు క్యాంపస్‌లు: డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. బర్కిలీ, యూసీఎల్‌ఏ, శాన్ డియాగో ఇవ్వవు. శాంటా బార్బరా ఇంజినీరింగ్ కాలేజీకి, శాంటా క్రూజ్ కంప్యూటర్ సైన్స్‌కి కూడా ట్యాగ్ లేదు. ఒక్క క్యాంపస్‌కే పెట్టుకోవాలి, సెప్టెంబర్ 1 నుంచి 30 లోపు. తర్వాత మామూలు యూసీ దరఖాస్తు కూడా పంపాలి, లేకపోతే ట్యాగ్ చెల్లదు. మినహాయించిన మేజర్ల జాబితా, కావలసిన జీపీఏ ఏటా మారతాయి. కమ్యూనిటీ కాలేజీ దారిని మేం నమ్మకంగా చెప్పేది ఈ ట్యాగ్ ఉంది కాబట్టే. డేవిస్ మెకానికల్ లాంటి సీటును ట్యాగ్‌తో కింద భద్రంగా పెట్టుకుని, పైన బర్కిలీ, యూసీఎల్‌ఏ ప్రయత్నించొచ్చు. యూసీఎల్‌ఏ వాళ్ల టీఏపీ (ట్రాన్స్‌ఫర్ అలయన్స్ ప్రోగ్రామ్) అనే ఆనర్స్ కార్యక్రమం ఇంజినీరింగ్ స్కూల్‌కు వర్తించదు, దాని ఆశతో ఆనర్స్ కోర్సులు నెత్తికెత్తుకోనక్కర్లేదు.

యూసీలో భాగం కాని శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీని కూడా జాబితాలో ఉంచండి. అక్కడ ఎంపిక చాలావరకు అంకెల మీదే నడుస్తుంది, వ్యాసాలు రాయక్కర్లేదు. సిలికాన్ వ్యాలీ కంపెనీల మధ్యే ఉంది.

మెర్సెడ్‌లో చేరి, అక్కడి నుంచి బర్కిలీకి మారదామనే ఆలోచన మూడో దారిలా కనిపిస్తుంది. ఇది బలహీనమైన దారి. ట్రాన్స్‌ఫర్ వరుసలో కమ్యూనిటీ కాలేజీ విద్యార్థుల తర్వాతే వేరే యూసీ విద్యార్థులు. బర్కిలీలోనే వేరే సబ్జెక్టులో చేరి లోపల్నుంచి ఇంజినీరింగ్‌కు మారడం కూడా అంతే కష్టం. మెర్సెడ్‌లో చేరితే అక్కడే డిగ్రీ పూర్తిచేస్తామనే చేరండి. దానికి తగిన లాభం ఉంది: మొదటి ఏడాది నుంచే ల్యాబ్‌లు, ప్రొఫెసర్ల పరిచయం, నాలుగేళ్లూ ఒకే చోటు.

ఖర్చులో పోటీయే లేదు. రాష్ట్ర నివాసికి సెమిస్టర్ పద్ధతి కమ్యూనిటీ కాలేజీలో యూనిట్‌కు (క్రెడిట్‌కు) 46 డాలర్లు, ఏడాదికి 30 యూనిట్లకు 1,380. యూసీ ఫీజు ఒక్కటే ఏటా 14 వేలు దాటుతుంది, వసతి, తిండి కలిపితే 40 వేలకు పైనే. ఇంట్లో ఉండి చదివితే రెండేళ్లలో మిగిలేది పెద్ద మొత్తం.

హెచ్‌-4 (హెచ్‌-1బీ ఉద్యోగుల కుటుంబ వీసా) పిల్లల విషయంలో మాత్రం తొందరపడకండి. 21 ఏళ్లు నిండితే హెచ్‌-4 పోతుంది, చాలామంది ఎఫ్‌-1 అనే విద్యార్థి వీసాకు మారతారు. ఎఫ్‌-1 మీద రాష్ట్ర నివాస హోదా సంపాదించలేరు. ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు యూసీ నివాసాన్ని కొత్తగా పరిశీలిస్తుంది. బయటి రాష్ట్రాల వాళ్లకు వేసే అదనపు రుసుము ఏడాదికి 30 వేల డాలర్లు దాటుతుంది. కమ్యూనిటీ కాలేజీలో ఫీజుల్లో మిగిల్చిన డబ్బు ఒక్క ఏడాదిలో పోతుంది. పుట్టినతేదీ పక్కన పెట్టుకుని, వెళ్లాలనుకునే క్యాంపస్ రెసిడెన్సీ అధికారికి ముందే ఈమెయిల్ రాసి లిఖితపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. మూడేళ్లు పట్టే విద్యార్థికి ఇది మరీ ముఖ్యం.

ఇంటర్ అయ్యాక హైదరాబాద్, విజయవాడల నుంచి నేరుగా ఎఫ్‌-1 మీద వచ్చేవాళ్లకు 46 డాలర్లతో సరిపోదు, దానికి నాన్ రెసిడెంట్ రుసుము కలుస్తుంది. సెమిస్టర్‌కు కనీసం 12 యూనిట్లు చదవాలి, అందులో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే లెక్కకు వస్తుంది. ఇంటర్‌లో క్యాలిక్యులస్ చదివినందుకు యూనిట్లు రావు.

ట్రాన్స్‌ఫర్ ఫలితాలు ఏప్రిల్‌లో వస్తాయి, జూన్ 1లోగా ఒప్పుకోవాలి. సీటు వచ్చాక కూడా చివరి సెమిస్టర్‌కు దరఖాస్తులో చూపించిన కోర్సులన్నీ పూర్తిచేయాల్సిందే. డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ డ్రాప్ చేసినా, ఫెయిలైనా సీటు రద్దు కావచ్చు. తప్పనిసరైతే డ్రాప్ చేసే ముందే అడ్మిషన్స్ ఆఫీసుకు రాసి, వేసవిలో పూర్తిచేసే వీలుందేమో అడగాలి.