పోర్ట్‌లాండ్ బిల్: ఒడ్డు పక్క దారా, బయటి దారా?

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో వేమత్ నుంచి పడమరగా లైమ్ రీజిస్‌కు పద్దెనిమిది అడుగుల తెరచాప పడవలో బయలుదేరితే, మధ్యలో పోర్ట్‌లాండ్ బిల్ అనే, సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల కొమ్ము అడ్డం వస్తుంది. దాని దక్షిణాన ప్రవాహాలు ఢీకొని నీళ్లు మరుగుతున్నట్టు లేస్తాయి. అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజుల్లో ఆ ప్రవాహం గంటకు 7 నాటికల్ మైళ్లు అందుకోగలదు. మన పడవ వేగం నాలుగు, మహా అయితే ఐదు. ఎదురీత మాట మరిచిపోవాలి.

ఒడ్డు పక్క దారిలో రాళ్లకు రెండు మూడు వందల మీటర్ల దూరంలో కొమ్మును చుట్టాలి. తల ఎత్తితే తెల్లటి దీపస్తంభం మీది ఎర్ర పట్టీ కనిపించేంత దగ్గర. నీళ్లు కాస్త నెమ్మదిగానే ఉంటాయి, కానీ ఆ అవకాశం కొద్ది గంటలే. తీరం వెంట దక్షిణానికి లాగే ప్రవాహం, ఆదమరిస్తే తిన్నగా ఆ సుడుల్లోకే తోస్తుంది. పీతల బుట్టల తాళ్లు మరో తలనొప్పి: ఒక్కటి ఇంజను పంకాకు చుట్టుకుంటే చాలు.

బయటి దారి కొమ్ముకు కనీసం మూడు నుంచి ఐదు మైళ్ల దూరం నుంచి. వేళ కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు. అయితే దూరం పెరుగుతుంది, గాలి తిరగబడితే తలదాచుకోను చోటుండదు.

ప్రవాహం జోరు తగ్గే అష్టమి రోజులు, తేలిక గాలి, పగటి వెలుగు ఉంటే నా ఓటు ఒడ్డు పక్కకే. అలలు పెద్దవైతే రెండూ వద్దు. పడవను ట్రైలర్‌కెక్కించి రోడ్డున పోవచ్చు.